తామర తొట్టిలో నీ కత్తెర

పెద్దోడా,

నలభై ఏళ్లలో నా చేతిలో ఒక్క తామర చావలేదు. నువ్వేమో పండాకులు తీస్తానని కాడల్ని నీళ్ల అడుగుకంటా కత్తిరించేశావు. ఆ బోలు కాడల్లోకి నీళ్లు దిగితే దుంప కుళ్లిపోతుందిరా, మహానుభావా. పక్కింటాయన ఇలాగే కోసి ఐదు దుంపలు మట్టిపాలు చేశాడు.

లేవగానే కోసిన కొసలు బయటపడేదాకా చెంబుతో నీళ్లు తోడెయ్యి. తొట్టి వంచావంటే మొగ్గ విరుగుతుంది, ఆపైన నీ వీపు చిట్లుతుంది. మీ అమ్మను ఆసుపత్రి నుంచి తేవడానికి వెళ్తున్నాను. వారం రోజులుగా ఆ మొగ్గ సంగతే అడుగుతోంది.

మీ నాన్న

పక్కింటాయన మాట నేను కల్పించాను. ఆ ఐదు దుంపల్నీ చంపింది నేనే. మీ అమ్మ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.