పెద్ద ఓడకు నిమ్మకాయలు

అన్నా,

ఇయ్యాల పెద్ద ఓడ కొన్న! మనిద్దరం ఆడిన సముద్రపు దొంగల గేమ్‌ల నువ్వు ఆశపడ్డ మూడు తెరచాపలది. పాత ఫిరంగులు తీసేసి పెద్దయి పెట్టించిన. ఒక్క దెబ్బకే ఎదుటి పడవ మునిగింది, మస్తు మజా!

నా లొల్లికి అమ్మ ఉరికొచ్చింది. సంగతి చెప్పంగనే మాదన్నపేట మార్కెట్ల తెచ్చిన నిమ్మకాయలు పట్టుకొచ్చింది.

"నీ అన్న కొత్త బండికి తొక్కించినం. దీనికొద్దా?"

"ఓడకు చక్రాలుండయమ్మా!"

అమ్మ గదంత చూసింది. గేమ్ ఆడేటప్పుడు నువ్వు కూసునే కుర్చీకి చక్రాలున్నయ్ గదా. నువ్వు చచ్చిపోయినంక అండ్ల ఎవ్వరం కూసోలే.

దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నన్ను కూసోబెట్టి, ఎనకనుంచి తనే నూకింది.

"ఇగ పోనియ్యిరా," అన్నది.