మావయ్య గీత కిందే ఉంది

ఆదివారం

డేవిడ్ మావయ్య పోయి ఏడాది దాటింది. ఆయనా మేరీ అత్తా చర్చిలో కలిసి పాడిన పాట ఒక పాత క్యాసెట్‌లోనే మిగిలింది. క్వయర్ పిల్లలకు నేర్పిద్దామని దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, హార్మోనియాన్నీ ఇద్దరి గొంతుల్నీ విడదీశాను. సాయంత్రం మల్కాపురం వెళ్ళి అత్తకు వినిపించాను.

మావయ్య గొంతు ఒక్కటే వినబడేసరికి అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపబోయాను.

"ఉండనీయే" అంది.

తర్వాత తెర మీద గీతలు చూపించాను. స్వరం ఉండాల్సిన చోట ఒక గీత, వాళ్ళు పాడినవి రెండు. చరణం చివర పైస్వరాన్ని అత్త గీత సరిగ్గా అందుకుంది. మావయ్యది కిందే ఉండిపోయింది.

"అంటే ఏటే? తప్పింది ఆయనా?"

"అవునత్తా."

"ఓలమ్మా! సుతి తప్పేవని బతికినన్నాళ్ళూ నన్ను సంపుకు తిన్నాడు కదే!"

కళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వింది.

ఆ ఒక్క స్వరం సరిచేసి క్వయర్ వాట్సాప్ గ్రూపులో పెడతానన్నాను.

"ఏటీ సెయ్యకు. అలాగే పంపు. అందరూ ఇనాల."

పంపేశాను. పిల్లలు ఆయన తప్పునే నేర్చుకుంటారేమోనని బెంగపడితే, "నానొచ్చి నేర్పుతాన్లే" అంది. మావయ్య పోయాక అత్త క్వయర్ వైపు వస్తాననడం ఇదే మొదలు.

గొంతులు విడదీయడంలో సాఫ్ట్‌వేరే పొరబడిందేమోనని ఇప్పుడు చిన్న అనుమానం. రేపు మరోసారి చూద్దామనుకున్నాను.

వద్దులే...