తలుపంత కన్ను

పన్నెండో తేదీ, ఆదివారం.

అమ్మమ్మా, నేను ఇక్కడ కులాసా. ఇవాళ మొదటి ఆశ్చర్యం పొద్దున ఆటలోనే ఎదురైంది. పెద్ద తెర సినిమాకి వెళ్లి, తెర ఎక్కడుందా అని వెతికాను. ఎదురుగా ఉన్న గోడంతా తెరేనట.

తెర మీద మనుషులకు బదులు పొగ కనిపిస్తోందని నువ్వు సినిమాలు మానేశావు కదా. అందుకే నీ కోసం ఒక పరీక్ష చేశాను. అద్దాలు తీస్తే నీ చూపూ నా చూపూ ఒకటేనని వెక్కిరిస్తావుగా, సినిమా సగంలో నా అద్దాలు తీసేశాను. పక్కనున్న నా గది స్నేహితురాలు, "రెట్టింపు డబ్బు పోసి, అద్దాలు తీసి చూడ్డమేమిటే?" అంది.

"చూసేది నేను కాదే, మా అమ్మమ్మ" అన్నాను.

అప్పుడే కథలోని తల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్ను మన వీధి తలుపంత ఉంది. నీటిబొట్టు రెప్ప దాటి జారడం కూడా నాకు కనిపించింది.

కథ పలచనిదే. అంత పెద్ద తెర మీద ఇంకా పలచగా అనిపించింది. చప్పుడుకి కుర్చీ వణుకుతుంది, చెవుల్లోకి దూది తెచ్చుకో. అయినా నీకైతే ఆ డబ్బు దండగ కాదు.

అమ్మకి నడుం నొప్పి తగ్గిందా? మేడ మీద కుళాయి ఇంకా కారుతోందా? చెల్లీ, ఈ కార్డు అమ్మమ్మకు చదివేటప్పుడు నీ కవిత్వం కలపకు. నాన్నకు నమస్కారాలు, శనివారం అమ్మమ్మను బస్సెక్కించమను.

రానని మాత్రం అనకు అమ్మమ్మా. రేపు పొద్దున కాలేజీకి వెళ్లేముందే, వచ్చే ఆదివారం ఆటకి నడిమి వరుసలో మనిద్దరికీ సీట్లు పట్టేస్తాను.