మీకు ఇబ్బంది లేకపోతే, ఆ తాడు వదలండి

ఫిబ్రవరి 1, ఆదివారం

దుమ్ముగూడెం. గోదావరి ఒడ్డున టెంటు. పక్కన ఎవరో గురక.

ఈ రోజు నుంచి నేను వేరే మనిషిని!

తీర్మానం: ఏ మాటైనా రెండు ముక్కల్లో చెప్పాలి. నిషిద్ధ పదాలు: 'బహుశా', 'మీరేమంటారు', 'ఏమనుకోకండి'. నలభై దాటేదాకా ఈ మూడింటి మీదే బతికాను. చాలు.

ఆనకట్టకి ఎగువన నిలిచిన నీళ్లలో, ఇసుక లంకల చుట్టూ తెరచాప పడవ నడపడం వారం పాటు నేర్పుతారు. పడవలో రెండు జట్లు. పొద్దున ఒక జట్టు నడిపితే, మధ్యాహ్నం రెండోది అందుకోవాలి. అలా పనిలో ఉన్న పూటని 'వాచ్' అంటారు. వాచ్‌కి ఒక లీడర్. పడవ ఎటు పోవాలో చెప్పేది ఆ లీడరే. చివర్లో, పనికొచ్చిన వాళ్లకి వాచ్ లీడర్ సర్టిఫికెట్.

అది నాకు కావాలి.

ఎందుకంటే ఖమ్మంలో మా కాలేజీ కరస్పాండెంట్ గారు నన్ను ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌గా ఉండమన్నారు. "మీరైతే అందరితో సర్దుకుపోతారు మేడం" అన్నారు. ఎంత మంచి మాట! వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. అమ్మాయిల హాస్టల్ మూసేస్తారట. కొత్త ప్రిన్సిపాల్ తొలి సంతకం దాని మీదేనట. హాస్టల్లో ఉండేదంతా అడవి అంచు ఊళ్ల పిల్లలు. మూస్తే సగం మంది చదువు అక్కడితో సరి.

నేను 'వద్దు' అనాలి. ఒక్క మాట. శనివారం లోపల. ఆ మాట గొంతు దాటకే ఇక్కడికి వచ్చాను.

నేను చెప్పేది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. ఏటేటా పిల్లలకి నేను ఇష్టంగా చెప్పే పాఠం ఒకటి ఉంది: 'నిర్ణయం తీసుకొనుట'. పక్కనున్న గురకకు ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

మా ఆయన సాయికృష్ణ బస్సు ఎక్కిస్తూ నవ్వాడు. "మొన్న మార్కెట్ల నిలబడి బెండకాయలా దొండకాయలా అని నాకు ఫోన్ చేసినవ్. నువ్వు పడవ నడుపుతవా?"

నవ్వనీ. కొత్త టోపీ కొన్నాను. విజిల్ కూడా!

ఫిబ్రవరి 2, సోమవారం

అద్భుతం! నీళ్లు, గాలి, అవతల ఒడ్డున అడవి. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?

శిక్షకుడు షాలేమ్‌రాజు గారు. పెనుబల్లి మనిషి, నేవీలో చేసి వచ్చాడు. మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

మా జట్టు:

గురవయ్య గారు. బొగ్గుబాయిలో రిటైరయ్యారు. పడవెక్కగానే మొదటి ప్రశ్న: "షిఫ్టు ఎప్పుడు మారుతది సారూ? హాజరు మస్టర్ యాడ పడుతది?"

జెస్సికా. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. పడవ కన్నా ఫోన్‌లోని పడవ ఫోటో మీద శ్రద్ధ ఎక్కువ.

ఇన్నమ్మ టీచర్. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. రాత్రి గురక ఈవిడదే. చేతిలో జపమాల, కళ్లలో బెత్తం. మమ్మల్ని చూడగానే ఎత్తు ప్రకారం నిలబెట్టారు. నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో ఎవరికీ తెలియదు.

షాలేమ్‌రాజు గారు చెప్పిన సంగతి: ఎదురుగాలిలో పడవ నేరుగా పోదు. అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ పోవాలి. లీడర్ "తిప్పు" అనగానే ఒకరు చుక్కాని తిప్పాలి, ఒకరు తాడు వదలాలి, ఒకరు అవతల తాడు లాగాలి.

'తిప్పు'. రెండక్షరాలు. ఇంతేనా! రేపు నా వంతు. టెంట్లో పడుకుని ఇరవై సార్లు అన్నాను. ఇన్నమ్మ టీచర్ అటు తిరిగి పడుకున్నారు. ఫలితం కనిపిస్తోంది!

ఫిబ్రవరి 3, మంగళవారం

టోపీ గోదావరి పాలు.

జరిగింది ఇది. మలుపు వచ్చింది. షాలేమ్‌రాజు గారు నా వైపు చూశారు. తాడు గురవయ్య గారి చేతిలో ఉంది. మా నాన్న వయసు మనిషి. ఆయన్ని పట్టుకుని 'వదులు' అంటానా?

"గురవయ్య గారూ, మీకు ఇబ్బంది లేకపోతే, ఆ తాడు కొంచెం..."

'కొంచెం' దగ్గర ఉండగానే తెరచాప అడుగు కర్ర గిర్రున తిరిగి నా నెత్తి మీదుగా పోయింది. టోపీని వెంట తీసుకుపోయింది. నెత్తిని వదిలింది, దాని దయ.

"మేడం, మీ వాక్యం అయ్యేదాకా గాలి ఆగదండి" అన్నారు షాలేమ్‌రాజు గారు.

"గారు తీసెయ్యుండ్రి మేడం. బాయిల మమ్ములను గారు అన్నోడే లేడు. మేము బొగ్గు తియ్యలేదా?" అన్నారు గురవయ్య గారు.

సరే. రెండో మలుపు. గట్టిగా ఊపిరి తీసుకుని "గురవయ్యా!" అన్నాను. అని, వెంటనే "ఏమనుకోకండి" అన్నాను. ఆయన "ఏమనుకోను" అని చెప్పడానికి నా వైపు తిరిగారు. ఈలోపు మలుపు దాటిపోయింది.

మూడో మలుపులో వెనక నుంచి ఇన్నమ్మ టీచర్: "వదలవయ్యా తాడు! నువ్వు లాగవే పిల్లా! ఏమ్మా మధులతా, చుక్కాని ఎవరు తిప్పుతారు, మీ ఆయనా?"

పడవ చక్కగా తిరిగింది. నేను కూడా చెప్పినట్టు తిప్పాను. లీడర్‌ని నేనే అని ఆ తర్వాత గుర్తొచ్చింది.

లీడర్‌గా మొదటి రోజు. సహజం.

ఫిబ్రవరి 4, బుధవారం

నడుము నొప్పి. తిప్పు తిప్పు తిప్పు అని లంక మీది తుంగకి చెప్పాను. తుంగ వంగింది. గాలికేమో. బహుశా.

(ఈ 'బహుశా' లెక్కలోకి రాదు. రాసింది, అన్నది కాదు.)

ఆలోచించగా తేలిందేమిటంటే, తప్పు పద్ధతిది. అరిస్తే నాయకత్వమా? పాలన అంటే నలుగురినీ కలుపుకుపోవడం. పుస్తకాలన్నీ అదే చెబుతాయి. జొన్నరొట్టె తింటున్నప్పుడు జట్టుకి ఇదంతా వివరించాను. సోదాహరణంగా.

జెస్సికా ఫోన్ లోంచి తల ఎత్తలేదు. "మా ఐసీయూల గిట్ల అందరి అభిప్రాయం అడుగుతే, ఆఖరికి పేషెంట్ అభిప్రాయం అడగనీకి పేషెంట్ ఉండడు మేడం."

ఇవాళ లీడర్ ఇన్నమ్మ టీచర్. పడవ భయంతో నడిచింది.

సాయంత్రం పూలి ఫోన్. హాస్టల్ పిల్ల, రెండో సంవత్సరం బీఏ. "మేడం, హాస్టల్ బంద్ చేస్తరంట, నిజమేనా? బస్సు పెడతం అంటున్రు. మా తండా దాంక రోడ్డే లేదు, బస్సు యాడికెళ్లి వస్తది? సామాను సర్దుకోమన్నడు వాచ్‌మెన్. సర్దుకోవాల్నా మేడం?"

"చూద్దాం అమ్మా" అన్నాను.

'అవ్ మేడం' అని పెట్టేసింది. ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు. ఇంతకు మించి నా దగ్గర ఏమీ ఉండదని తనకి ముందే తెలిసినట్టుంది.

'చూద్దాం'. నిషిద్ధ పదాల్లో ఇది చేర్చడం మరిచిపోయాను. అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఫిబ్రవరి 5, గురువారం

ఇవాళ నాకు పరీక్ష. షాలేమ్‌రాజు గారు నోరు మెదపనన్నారు. మునిగితే తప్ప.

పొద్దున బాగానే ఉంది. రెండుసార్లు "తిప్పు" అన్నాను! రెండోసారి గట్టిగా!! పడవ తిరిగింది!!!

తర్వాత ఇసుక మేట. నీళ్లలో ఎదురుగా, పడుకున్న దున్నపోతు వీపులా. కుడి పక్కన దారి దగ్గర, లోతు తక్కువ. ఎడమ పక్కన లోతు ఎక్కువ, చుట్టు దారి. కుడా? ఎడమా? ఒక్క మాట చాలు.

"మీరేమంటారు?" అన్నాను.

"ఎడమ" అన్నారు ఇన్నమ్మ టీచర్.

"కుడి మేడం, ఆకలైతుంది" అంది జెస్సికా.

గురవయ్య గారి వైపు చూశాను. సరిగ్గా అప్పుడే ఆయన చేతి గడియారం కూసింది. ఆయన తాడు కిందపెట్టి, చేతులు దులుపుకుని, పడవ అడ్డచెక్క మీద కూర్చున్నారు.

"అదేంటండీ!"

"షిఫ్టు అయిపోయింది మేడం. రిలీవర్ రావాలె." రెండో జట్టు ముందు వైపు తువ్వాళ్లు కప్పుకుని నిద్రపోతోంది.

"ఓటైనా వేయండి!"

"డ్యూటీ దిగినోనికి ఓటు ఉండదు. అది రూలు."

ఒకటి, ఒకటి. నిర్ణాయక ఓటు నాది. తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో ఆ పదం. వినడానికి ఎంత గంభీరంగా ఉంటుందో! నా చేతికి వచ్చింది. ఇప్పుడే. ఇక్కడే.

"ఇంకొక్కసారి చర్చిద్దామా?" అన్నాను.

పడవ చర్చించలేదు. కుడికీ ఎడమకీ మధ్యన, నిష్పక్షపాతంగా, మేట మీదికెక్కి కూర్చుంది.

మధ్యాహ్నమంతా మోకాలి లోతు నీళ్లలో దిగి తోశాం. కదల్లేదు. రెండో జట్టు లేచి, సెల్ఫీలు తీసుకుని, అప్పుడు తోసింది. పొద్దు వాలాక గానీ పడవ కదల్లేదు. విజిల్ నిండా ఇసుక. ఊదితే గుర్ అంది.

గురవయ్య గారు పడవ కొసన నడుం వాల్చి మా అవస్థ చూస్తూ అన్నారు: "మీసొంటోళ్లు మా మేనేజ్‌మెంటుల ఉంటే మాకు సమ్మె పనే లేకపోవు మేడం. ఏ పని షురూ జేసినా దానంతటదే ఆగిపోవు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సర్దుకుపోతాను కదా.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఏమీ లేదు.

తలనొప్పి అని టెంట్లోనే ఉన్నాను. తలనొప్పి లేదు.

ఇన్నమ్మ టీచర్ టీ తెచ్చారు. "తాగు" అన్నారు. తాగాను. "నీకు తెలివి లేక కాదే మధూ. ఎవడేమనుకుంటాడో అని. నేనూ చిన్నప్పుడు అంతే" అన్నారు.

"తర్వాత ఎలా మారారు టీచర్?"

"మారలేదు. హెడ్‌మిస్ట్రెస్‌ని చేశారు. ఎవరేమనుకున్నా నాకు చెప్పడం మానేశారు."

ఇందులో నాకు ఓదార్పు ఎక్కడుందో వెతుకుతున్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

సర్టిఫికెట్లు ఇచ్చారు. ఇన్నమ్మ టీచర్‌కి 'వాచ్ లీడర్'. నాకు 'పాల్గొన్నారు'. నిజమే. మునిగినా తేలినా ఆ మాట సరిపోతుంది.

రేవులో బస్సు కోసం నిలబడి ఉండగా కరస్పాండెంట్ గారి ఫోన్.

"సెలవులు బాగా గడిచాయా మేడం? సోమవారం చార్జి తీసుకుంటున్నారు. హాస్టల్ ఫైలు మీ టేబుల్ మీద పెట్టించాను. అసలు రోజారాణి గారిని అనుకున్నాం. ఆవిడ ప్రతిదానికీ అడ్డం తిరుగుతారు. మీతో ఆ ఇబ్బంది లేదు."

ఓహో.

ఆదివారం పేజీలో 'ఎంత మంచి మాట' అని రాసి ఆశ్చర్యార్థకం పెట్టాను. ఇప్పుడే కొట్టేశాను. పేజీ చిరిగింది.

'వద్దు' అనాలి. నోరు తెరిచాను. ఇన్నమ్మ టీచర్ పక్కనే పెట్టె మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. గాలి కూడా లేదు. ఏ అడ్డూ లేదు.

"అలాగేనండి" అని వచ్చింది.

వారం శిక్షణ! అలాగేనండి!

కానీ నా సంగతి నాకు తెలుసు, నా వాక్యం అక్కడితో ఆగదు. "అలాగేనండి... కాకపోతే, మీరు ఏమనుకోకపోతే, ఇంత పెద్ద విషయం కదండీ, నలుగురినీ అడిగితే బాగుంటుందేమో. తల్లిదండ్రుల్ని, లెక్చరర్లని. ఊళ్లు తిరిగి కనుక్కోవాలి. ఒక చిన్న కమిటీ వేద్దాం. అందరూ ఒక్కమాట మీదికి వచ్చిన రోజున నేను కళ్లు మూసుకుని సంతకం పెడతాను. రేపెవరైనా ధర్నా చేసినా మీ పేరు రాదు."

"అందుకే మేడం మిమ్మల్ని ఎంచుకున్నది" అన్నారు ఆయన, చాలా సంతోషంగా. "వేయండి. బయటి పెద్దమనుషుల్ని కూడా పెట్టండి, గౌరవంగా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక ఇసుక మేట గుర్తొచ్చింది. మొన్న తేలే పడవని ఓట్లతో ఇసుకలో దించేశాను. రెండు జట్లు కలిసి తోసినా పూటంతా కదల్లేదు.

"టీచర్, మీకు ఇబ్బంది లేకపోతే, ఒక కమిటీలో ఉంటారా?"

"ఉంటాను. ఏది అడిగినా ఎడమే అంటాను" అన్నారు ఇన్నమ్మ టీచర్. ఫోన్ మాటలన్నీ విన్నారు.

జెస్సికా సరేనంది. గురవయ్య గారు మాత్రం ఆలోచించారు. "మీటింగు ఎన్ని గంటలు? టైమైతే లేస్త మేడం, తీర్మానం సగంల ఉన్నా సరే."

"తప్పకుండా లేవండి" అన్నాను. అరే! రెండు ముక్కలు!

ఫిబ్రవరి 8, ఆదివారం

ఖమ్మం. ఇల్లు. సంచిలోంచి ఇంకా ఇసుక రాలుతోంది.

పూలికి ఫోన్ చేశాను. "సామాను సర్దకు" అన్నాను.

"మేడం?"

"సర్దకు."

అటువైపు ఎవరికో అరిచి చెబుతోంది: "జమ్లీ, ఆ బకెట్ల బట్టలు తియ్యకు, ఆరనియ్యి!"

ఆ తర్వాత మామూలే. అనుమానం. ఇది ధైర్యమా, పిరికితనానికే కొత్త చీర కట్టానా? రోజారాణి అయితే ముఖం మీద 'వద్దు' అనేసేది. నేను కమిటీ వెనక దాక్కున్నాను. ఆ ఫైలు ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ ఏడాది పరీక్షల దాకా ఆగదా? ఆ తర్వాత ఎవరైనా గట్టిగా తోస్తే? అప్పుడైనా ఆ మాట అనగలనా?

అనాల్సిందే. అందుకే కొత్త తీర్మానం. ఏ మాటైనా రెండు ముక్కల్లో. నిషిద్ధ పదాలు ఈసారి నాలుగు. కొత్త టోపీ కొనాలి.

వంటింట్లోంచి సాయికృష్ణ: "మేడం లీడర్! బెండకాయలా, దొండకాయలా?"

"మీరేమం..."

రేపటి నుంచి. సోమవారం, చార్జి తీసుకునే రోజు, కొత్తగా మొదలుపెట్టడానికి మంచిదే. కమిటీ ఒప్పుకుంటే.