అక్క ఈత

ఆదివారం, రిసాలి స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్

అక్క పోయి నెల దాటింది. ఈ రోజు ఆమె బీరువా ఖాళీ చేశాం. పక్క క్వార్టర్ సరళ దీదీ సాయానికి వచ్చింది. బావ మాత్రం కుర్చీలోంచి కదలకుండా టీ తాగుతూ మాకు పనులు పురమాయించాడు. ముప్ఫై ఏళ్లు కాపురం చేశాడు కదా, ఏ చీర అక్కదో, ఏది తన తల్లిదో ఆ మహానుభావుడికి తెలియలేదు.

చీరల అడుగున నీలం రంగు ఈత దుస్తులు, రబ్బరు టోపీ దొరికాయి.

"ఇదేటి?" అన్నాడు బావ.

దీదీ ఆ టోపీ తన తలకి తగిలించుకుంది. "మీరు డ్యూటీకెళ్లాక మేమిద్దరం స్విమ్మింగ్‌పూల్‌కి ఎళ్లీవోళ్లం భయ్యా. మొదటి రోజు మీ ఆవిడ, నేర్పించే మేడమ్ మెడ పట్టుకుని వేలాడిపోనాది!"

నేనూ దీదీ నేలమీద చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

బావ నవ్వలేదు, ఏడవలేదు. "మనోళ్లెవరైనా చూసారేటి?" అన్నాడు. ఛీ! పెళ్లాం ఈత నేర్చుకుందో లేదో కూడా అడగలేదు.

"చేపలాగ ఈదీది భయ్యా," అంది దీదీ, అడక్కుండానే.

ఇంటికొచ్చాక కూడా ఆ మనిషిని తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ రోజూ ఫోన్ చేసే అక్క నాకెందుకు చెప్పలేదు? నేనూ ముందు, ఎవరైనా చూశారా అనే అడుగుతాననుకుందా...