పిడికెడు తవుడు

నేరేడ్‌మెట్,
దీపావళి వెళ్ళిన ఆదివారం.

అమ్మకు,

నీ పెద్దకూతురు భానుప్రియ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పిల్లా కులాసాగానే ఉన్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, బాలింత స్వర్ణలతా, పసివాడూ బాగున్నారని నీ ఉత్తరం చూసి నిమ్మళించాను. కవరులో ఒక చిన్న పొట్లం పెట్టాను. ఉత్తరమంతా చదివాకే విప్పు. స్వర్ణలత ముందే విప్పబోతే చేతిమీద ఒకటి వెయ్యి.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కానీ, ఫోనులో మాట నీకు సగమే వినపడుతుంది. మిగతా సగం చెల్లికి వినపడుతుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. చిక్కుడుపాదు బతికే ఉంది, విరగకాసింది. మీ అల్లుడు కాయలు కోసి పైవాటా వాళ్ళకు పంచుతున్నాడు. అంత మంచితనం దేనికో ఇంకా కనిపెట్టలేదు. నా మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. రోజూ సికింద్రాబాద్ స్టేషన్ మెట్లెక్కి దిగే టికెట్ కలెక్టరుకు మోకాళ్ళ నొప్పి జీతంతోపాటే వస్తుంది.

ఇక నీ మూడో ప్రశ్న. "చచ్చినవాళ్ళ సంగతులు తవ్వితే ఏమొస్తుంది? నీకు వేరే పని లేదా?" అని రాసి కింద గీత గీశావు. మళ్ళీ చివర్లో, ఏ సంబంధమూ లేకుండా, "పెట్టె అడుగున ఉన్న ఆకుపచ్చ చీర నువ్వు కట్టకు" అన్నావు. అమ్మా, పదిహేడేళ్ళుగా టికెట్లు అడుగుతున్నదాన్ని. టికెట్ ఉన్నవాడు నన్ను చూసి జేబు తడుముకుంటాడు. లేనివాడు కిటికీలోంచి పొలాలు చూస్తాడు. నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు కిటికీలోంచి చూస్తున్నట్టే అనిపించింది.

మన వంశం గురించి నేనొక నోటుబుక్కు రాస్తున్న సంగతి నీకు తెలుసు. సెలవురోజుల్లో సరదాకి మొదలుపెట్టానని అందరికీ చెప్పాను. పాత శుభలేఖలు, పోలరాజు తాత బొబ్బిలి నుంచి రైల్లో కలాసీగా చేరినప్పటి కాగితాలు అన్నీ పోగేశాను. వాటిలో తాత రైల్వే పాసుల కోసం ఇచ్చిన కుటుంబసభ్యుల జాబితాలు దొరికాయి. యాభై ఏడులో ఇచ్చినదాంట్లో తాతా, నానమ్మా ఇద్దరే. యాభై ఎనిమిదిలో కొడుకు తవిటయ్య, వయసు నాలుగేళ్ళు. ఏడాదిలో నాలుగేళ్ళ పిల్లవాడు ఏ బండి దిగాడు? అదీ టికెట్ లేకుండా!

నాన్నకు ఆ పేరెలా వచ్చిందో నువ్వే కదా మాకు చిన్నప్పుడు చెప్పావు. మనవైపు బిడ్డలు వరసగా పోతుంటే, తరవాత పుట్టినవాణ్ణి పురిట్లోనే పెంటమీద పెడతారు. పక్కింటావిడ తీసుకుంటుంది. ఆమెకు పిడికెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంటారు, అంత చవకవాణ్ణి యముడు కూడా అడగడని. ముగ్గురు పోయాక నాన్న పుట్టాడనీ, పక్క క్వార్టర్సులో ఉండే ముసలమ్మ దగ్గర అలా కొన్నారనీ చెప్పావు. పోయిన ముగ్గురి మాట నిజమే కావచ్చు. కానీ పురిట్లో జరగాల్సిన తంతు నాలుగేళ్ళవాడికి ఎందుకు జరిగింది?

ఆ అనుమానంతోనే అటక మీద వెతికాను. నువ్వు పాత సామాన్ల కొట్లో కొన్నానన్న స్టీలు క్యారియరు దొరికింది. మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. ముసలమ్మ అని. ఇన్నాళ్ళూ ఎవరో ముసలావిడ అనుకున్నాను, అది ఆమె పేరే.

నాన్నతో రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన సోమయ్య బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన టీ తాగుతూ నన్నొకసారి చూసి, "ఏందమ్మా, గిప్పుడు గవన్నీ ఎందుకు తవ్వుతున్నవ్? ముసలమ్మ ఎన్నడో పాయె. ఆమె బిడ్డ కనకలక్ష్మి కార్ఖానల ఉంటది, బట్టలు కుడ్తది. మీ అమ్మనే అడుగరాదు, ఆమెకు మంచిగ ఎర్క" అన్నాడు.

నీకు బాగా తెలుసట! కార్ఖానా బస్తీ పేరు వినగానే ఇంకేమీ అడక్కుండా లేచి వచ్చేశాను. ఎందుకో చెప్పాలంటే ఇరవై ఎనిమిదేళ్ళుగా దాచింది చెప్పాలి. ఇక దాచలేను, రాసేస్తున్నాను.

ఏటా దీపావళి వెళ్ళిన రెండోరోజు నువ్వు గుడికని వెళ్ళేదానివి. చేతిలో క్యారియరు, చంకలో సంచి. రెండు మూడు గంటలకు వచ్చేదానివి, ఒక్క పువ్వు కూడా తెచ్చేదానివి కాదు. నాకు పన్నెండేళ్ళప్పుడు నీ వెనకాలే వచ్చాను. గుడి దాటావు, ఆటో ఎక్కావు, "కార్ఖానా" అన్నావు. ఇంటికి పరుగెత్తి నాన్నకు చెప్పేశాను. "అమ్మ గుడికెళ్ళలేదు నాన్నా, ఆటోలో కార్ఖానా ఎళ్ళిపోయింది" అని. నాన్న, "నువ్వేటీ సూళ్ళేదు. ఎవలికీ సెప్పకు" అని ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. నీ తప్పేదో నాన్న కడుపులో పెట్టుకున్నాడనుకున్నాను. అప్పటినుంచీ అమ్మా, నిన్ను అనుమానిస్తూనే ఉన్నాను. నువ్వు నవ్వితే ఎందుకు నవ్వావా అనుకున్నాను. నాన్న పోయినరోజు నువ్వు ఏడుస్తుంటే కూడా అనుకున్నాను. వంశవృక్షం సరదా కాదు. ఆ నోటుబుక్కులో నేను వెతికింది నిన్నే.

మొన్న ఆ రెండోరోజు వచ్చింది. సెలవు పెట్టి, క్యారియరు పట్టుకుని, నువ్వు కట్టొద్దన్న చీర సంచిలో పెట్టుకుని కార్ఖానా వెళ్ళాను. ఇరుకు సందులో ఒక గది, గుమ్మంలో కుట్టుమిషను. డెబ్బై దాటిన మనిషి కళ్ళద్దాలు పైకెత్తి నన్ను చూసింది, చేతిలో క్యారియరు చూసింది.

"భానూ! మీయమ్మేదీ? దానికి ఒంట్లో బాగానే ఉందేటి?" అంది. నేనెవరో చెప్పనేలేదు. ఆ నుదురూ, ఆ గడ్డం కింద నొక్కూ నాన్నవే. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. "మీరెవరు? మా అమ్మ మీ దగ్గరికి దేనికి వస్తుంది?" అని టికెట్ అడిగినట్టే అడిగాను.

"మీ నాన్న నా తమ్ముడమ్మా" అంది.

వాళ్ళ నాన్న పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారట. ఇద్దరు పిల్లల్ని సాకలేక ముసలమ్మ కొడుకుని నానమ్మ ఒడిలో పెట్టిందట. లోకం కోసం తవుడు తంతు జరిపారు. పిల్లవాడికి ఎప్పుడూ చెప్పకూడదని నానమ్మ ఒట్టు వేయించుకుంది, పోయేముందు నీచేతా వేయించుకుంది. నువ్వు ఒట్టు తప్పలేదు. కానీ దీపావళి వెళ్ళిన రెండోరోజు భగినీ హస్త భోజనం, తమ్ముడు అక్క చేతివంట తినాల్సిన రోజు. ఆయన తరఫున చీర తీసుకెళ్ళి, ఆవిడ వండింది క్యారియర్లో తెచ్చి నాన్నకు వడ్డించావు. ప్రతి ఏడూ!

ఆవిడ అన్నం పెట్టింది. నువ్వుపిండి వేసిన ఆనపకాయ పులుసు నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను. మన ఇంట్లో ఏడాదికొక్కసారే కుదిరే పులుసు అది. "ఈయేల నీ సెయ్యి మారిందే" అని నాన్న మూడుసార్లు పోయించుకునేవాడు, గుర్తుందా? నువ్వు తల వంచుకుని వడ్డించేదానివి. నాకు అదీ అనుమానంగానే కనబడేది. అక్కడే కంచం ముందు భోరుమన్నాను అమ్మా. నన్ను క్షమించు.

ఇక నీకు తెలియనిది. నాన్నను మోసం చేశానని నువ్వు లోపల కుమిలిపోయేదానివట, ఆవిడే చెప్పింది. నువ్వు మోసం చెయ్యలేదు. నాన్నకు తెలుసు.

నాన్న పోయే ముందు ఏడాది దీపావళికి నువ్వు ఖాళీదే అనుకుని క్యారియరు పట్టుకెళ్ళావు. నువ్వు ముందుగదిలో కూర్చున్నావు. వంటింట్లో కనకలక్ష్మి అత్త అడుగు గిన్నె తీస్తే అందులో ఒక గుడ్డమూట ఉంది. విప్పితే పిడికెడు తవుడు. "నానేటి సెప్పను తల్లీ, అక్కడే కూలబడిపోనాను. మీయమ్మకి సెప్పలేదు. ఒట్టు తప్పీసినాననీసి బయిపడిపోద్ది" అంది. దేవుడి గూట్లోంచి ఆ మూట తీసి నా చేతిలో పెట్టింది. నమ్మేదాన్నా నేను? తిప్పి తిప్పి చూశాను. నాన్న వర్క్‌షాపు నీలం చొక్కా గుడ్డ. మూడు ముళ్ళు ఒకదానిమీదొకటి, నా బడి టిఫిను డబ్బాకు ఆయన వేసినట్టే.

తనను కొన్న ధర తిరిగిచ్చేశాడమ్మా. నన్ను వెనక్కి తీసుకో అని అక్కకు చెప్పుకున్నాడు. నీ ఒట్టు మాత్రం నీకుంచాడు. మూత మీది పేరు చూసి తెలుసుకున్నాడో, నేను చెప్పిన కార్ఖానా మాట పట్టుకుని వెళ్ళి చూసొచ్చాడో, అది మాత్రం నాకు దొరకలేదు. వెతకను కూడా.

ఆకుపచ్చ చీర అత్త అప్పుడే కట్టుకుంది. పులుసు తెచ్చి నాన్న ఫోటో ముందు పెట్టాను. పసివాడి మూడోనెల వెళ్ళాక నువ్వు రా. నేను స్టేషనుకొస్తాను, ఇద్దరం అక్కడినుంచే కార్ఖానా వెళ్దాం. ఈసారి గుడికని చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పొట్లం విప్పు. అత్త ఆ తవుడులో సగం నీకు పంపింది. పురుగు పట్టి ఉంటుంది, పారెయ్యకు.

ఇట్లు,
నిన్ను ఇంకేమీ అడగని
నీ పెద్దకూతురు,
భాను.