గేటు దగ్గరి పళ్ళెం

ఆస్టినాబాద్,
2 జూలై 1971

డాలీగంజ్‌లో ఉండే అసిరయ్యకు గురునాథం రాయునది.

నేను హెడ్‌క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. ఈ దీవిలో స్థిరపడమని సర్కారు సెటిల్మెంటులో పట్టా ఇచ్చిన నా కొబ్బరితోటలోంచి నువ్వు రోజూ పొద్దున్నే వల భుజాన వేసుకుని వెనక ఉప్పుటేటికి పోతున్నావు. మొన్న ఎదురుపడితే పారిపోకుండా పేరూ ఇల్లూ చెప్పి, దండం పెట్టి మరీ వెళ్ళావు. పైగా గేటు దగ్గర పళ్ళెంలో పసుపు రాసిన చేప పెడతావా? ఎవరి మీద ఈ చేతబడి? ఇంట్లో ఎనభై దాటిన మా అమ్మ ఉంది. ఇంకోసారి అడుగుపెడితే పోలీసులకు కాగితం పెడతాను.

ఇట్లు,
గురునాథం

తా.క.: హిందీలోనూ ఇంగ్లీషులోనూ "అనుమతి లేనిదే రారాదు" అని బోర్డు రాయించింది నీ తడివల ఆరేసుకోవడానికి కాదు.

డాలీగంజ్,
6 జూలై

గురునాథం బాబుగారికి అసిరయ్య వెయ్యి దండాలు. నేను చెబుతుంటే నా భార్య కామమ్మ రాస్తోంది.

చేతబడీ లేదు, పాడూ లేదు బాబూ. మా వాళ్ళలో పరాయి నేల తొక్కి వేటకెళితే మొదటి చేప ఆ నేల గలవారిది. పసుపు రాసి వాకిట్లో పెడతాం. ముట్టుకోకపోతే రావద్దని, తీసుకుంటే రేపు కూడా రమ్మని. మీరు మూడు వారాలుగా రోజూ తీసుకుంటున్నారు. ఈ ముసురులో మా డోంగీ పడవ సముద్రం మీదికి పోలేదు. మీ ఏరే మా పొయ్యి వెలిగిస్తోంది. మీరు చల్లగా ఉండాలి.

మీ మేలు మరవని
అసిరయ్య

తా.క.: బోర్డు చదవడం నాకు రాదు. వల ఆరేసుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు పాతించారని రోజూ మిమ్మల్నే తలుచుకుంటున్నాను.

ఆస్టినాబాద్,
9 జూలై

అసిరయ్యా,

నేను సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని చేప మానేసి పదకొండేళ్ళయింది. నేను తీసుకున్నానని రాతపూర్వకంగా అభాండం వేస్తావా? మా ఇంట్లో చేప వండరు. మా అమ్మకైతే నాలుగు నెలలు అన్నమే సహించలేదు. కాంపౌండరు గణేశ్వరరావు టానిక్కు పుణ్యమా అని ఈ మూడు వారాలుగా రెండు పూటలా తింటోంది. నన్ను కేకలేసే ఓపిక కూడా వచ్చింది. ఆ సంతోషంలో ఉన్నాను కాబట్టి పోలీసుల దాకా పోలేదు. సోమవారం ముళ్ళకంచె వేయిస్తున్నాను.

గురునాథం

తా.క.: నీ చేపలు తిన్నది పిల్లి. పిల్లి ఇచ్చిన అనుమతి చెల్లదు.

డాలీగంజ్,
12 జూలై

బాబుగారికి దండాలు.

మీరు తీసుకోలేదంటే నేను దొంగనే. తెలియక చేశాను, మన్నించండి. మీ ఉత్తరం అందిన రోజు నుంచే రావడం మానేశాను. ముసురు తగ్గేదాకా దుంపలు ఉడకేసుకుంటాం. ఇన్నాళ్ళు మాకు తిండి పెట్టిన మీ తోటకు ఇక్కణ్ణుంచే దండం పెట్టుకుంటున్నాను.

అసిరయ్య

తా.క.: ఇది కామమ్మ సొంతంగా రాస్తున్నది. మా ఆయనకు అడగడానికి మొహమాటం. పిల్లి పళ్ళెం తోమి బోర్లిస్తుందా బాబూ? కింద రోజూ నాలుగు పచ్చిమిరపకాయలు కూడా పెడుతుందా?

ఆస్టినాబాద్,
15 జూలై

అసిరయ్యకూ కామమ్మకూ గురునాథం నమస్కారాలు.

మీ ఉత్తరం బయటికి చదువుతుంటే అమ్మ తల వంచుకుని తమలపాకు నములుతూ కూర్చుంది. చివరికి తనే చెప్పింది.

"నానే తీసాన్రా. పక్కింటి బుల్లమ్మ పొయ్యి మీద ఒండించుకున్నాను. పెళ్ళికి ముందు మీ నాయనా మా గుమ్మంలో సేప పెట్టే ఏటకెల్లీవోడు. జమీను నా పేర్న ఉంది, సేప నాకొచ్చింది. మద్దిలో నువ్వెవుడివి?"

పట్టా తీసి చూశాను. తాతమ్మ అని అమ్మ పేరే ఉంది. ఆ నేలలో అనుమతి లేకుండా బోర్డు పాతింది నేనే.

టానిక్కు ఇచ్చినందుకు కాంపౌండరుకు రెండు గెలల బొండాలు మోయించాను. అవి మీ ఇంటికి రావలసినవి. మా అమ్మ నీ చేపతో అన్నం తింది అసిరయ్యా. ఈ రుణం తీర్చుకోలేను. పళ్ళెం ఖాళీగా ఉన్న దగ్గర్నుంచి అమ్మ మళ్ళీ ముద్ద మింగడం లేదు. రేపే రా.

నీకు ఎన్నటికీ కృతజ్ఞుడు,
గురునాథం
(తాతమ్మగారి అనుమతితో)

తా.క.: కంచె మానేశాను. బోర్డు తీయొద్దని అమ్మ ఆర్డరు. వల ఆరేయడానికి ఈ ఎత్తు చాలా, ఇంకో మూర పెంచమంటావా?